ఏడో దుప్పటి

పోయిన వారం లెక్కలావిడని టెలివిజన్ స్టూడియో కంట్రోల్ రూమ్‌లో, చెవులకు హెడ్‌ఫోన్స్, చేతిలో ఎర్ర పెన్సిల్‌తో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. వారం రోజులు అలా ఉంటే దవడలు పట్టేస్తాయి. కాబట్టి ఆ నోరు ఎందుకు తెరుచుకుందో రెండు ముక్కల్లో చెప్పి కథలోకి వెళ్ళిపోదాం.

"మౌనగర్భం" అని ఒక ఒపెరా. మొదటి నుంచి చివరి దాకా మాటన్నది లేదు, అంతా పాటే. రంగస్థలం లేదు, ఎదురుగా ప్రేక్షకులు లేరు, టెలివిజన్ కోసమే తయారైంది. నలుగురు గాయకులు నాలుగు గదుల్లో విడివిడిగా నిలబడి పాడతారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు. వాద్యాలవాళ్ళు పై అంతస్తులో ఉంటారు. ఇళ్ళలో కూర్చుని చూసేవాళ్ళకు మాత్రం తెర నాలుగు ముక్కలై నలుగురూ పక్కపక్కనే కనిపిస్తారు. గంటసేపు, మధ్యలో ఆపడం లేకుండా, ప్రత్యక్ష ప్రసారం. ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చేయలేదని స్వరకర్త పత్రికలవాళ్ళకు చెప్పుకున్నాడు. ఎందుకు చేయలేదో స్టూడియోలో పనిచేసేవాళ్ళకు రెండో రోజుకే తెలిసిపోయింది.

ఈ గదులన్నిటినీ కలిపి ఉంచేది లెక్కలావిడ గొంతు. స్వరాల కాగితాలు ముందు పరుచుకుని, తాళం లెక్కపెడుతూ, "మూడు, రెండు, ఒకటి, మార్చు" అని ఆమె మైకులో అంటేనే కెమెరాలు కదులుతాయి. పదిహేడేళ్ళుగా అదే పని. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, మిగతా అందరికీ ఆమె లెక్కలావిడే. లెక్క తప్పిందని ఈ పదిహేడేళ్ళలో ఎవరూ అనలేదు.

ఒపెరాలో చివరి పాట కాగితాలు మాత్రం ఆమె చేతికి ప్రసారం రోజు ఉదయం దాకా రాలేదు. స్వరకర్త ఆ పాటను గాయనికి తన గదిలో కూర్చోబెట్టి నెల రోజులు విడిగా నేర్పించాడు. ఆఖరి రిహార్సల్‌లో ఆ పాట మొదటిసారి లెక్కలావిడ చెవిన పడింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడు దగ్గర గుండెలు పగిలేలా ఒక ఏడుపు. తరువాత ఎనిమిది.

ఆ వరసకే లెక్కలావిడ నోరు తెరుచుకుంది. అది వాళ్ళమ్మ పాట.

అమ్మ ఇరవై ఆరేళ్ళు ఒక పెద్దాస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచింది. ఇద్దరిద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి, చెరో వైపు పట్టుకుని మడవడం, పన్నెండు కాగానే కట్ట కట్టడం. ఆరు దుప్పట్లు ఒకే వైపు పేరిస్తే మడతల అంచు లేచి దొంతర ఒరిగిపోతుంది. అందుకని ఏడో దుప్పటి దగ్గర దొంతరను తిప్పి పెట్టాలి. తిప్పడానికి రెండు చేతులూ కావాలి. చేతిలో ఉన్న కొస నేల మీద పడితే మళ్ళీ ఉతకాలి కాబట్టి దాన్ని పళ్ళ మధ్య పెట్టుకోవాలి. నోట్లో గుడ్డ ఉన్న మనిషి ఏడు అనలేదు, "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" తరువాత ఎనిమిది. ఇంట్లో బట్టలు మడిచేటప్పుడు కూడా అమ్మ అదే వరసలో పాడేది, ఎందుకలా అని అడిగితే ఇదంతా చెప్పి నవ్వేది. ఆ పాటలో చచ్చిపోయిన బిడ్డ లేదు. అమ్మ కన్నదే ఇద్దర్ని, ఆ ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

రిహార్సల్ అయిపోయింది. గోడ గడియారంలో మూడు దాటింది. ప్రసారం ఆరింటికి. దర్శకురాలు ఏదో లైటు వెలగడం లేదంటే చూడ్డానికి వెళ్ళింది. కంట్రోల్ రూమ్‌లో వెనక సోఫాలో స్వరకర్త కాలు మీద కాలేసుకుని, తన పాట తనకే బాగా నచ్చిన మనిషిలా కళ్ళు మూసుకుని ఉన్నాడు. లెక్కలావిడ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగింది.

"మాస్టారూ, ఈ పాట మీకెక్కడిది?"

"ఏది, చివరిదా?" స్వరకర్త కళ్ళు తెరిచి చిరునవ్వు నవ్వాడు. "అక్కడ మీకు కూడా కళ్ళు చెమ్మగిల్లాయా? చెప్పాను కదా, ఎవరూ తట్టుకోలేరు. అది రాసింది కాదమ్మా. నా ఆత్మలోంచి దానంతటది వచ్చింది."

"ఆత్మలోంచి కాదండీ. ఆస్పత్రి లాండ్రీలోంచి వచ్చింది."

చిరునవ్వు అక్కడే ఆగిపోయింది. కాలు మీద కాలు దిగింది.

"మా అమ్మ పాట అది," అందామె. "చిన్నప్పట్నుంచీ విన్నాను. వరస అదే, విరుపు అదే, ఏడు లేకపోవడం కూడా అదే. నా చెవిలో పువ్వులు పెట్టకండి."

దబాయిద్దామా, బతిమాలుదామా అని స్వరకర్త ఒక్క క్షణం తూకం వేసుకున్నట్టున్నాడు. చివరికి మూడో దారి పట్టాడు. పెద్దమనిషి అయిపోయాడు.

"ఓ, అదా మీ సందేహం! చూడమ్మా, పని పాటలు ఒకరి సొత్తు కావు. గాలిలో ఉంటాయి. జనానివి. మనలాంటి వాళ్ళం వాటిని పట్టుకుని ఒక రూపం ఇస్తాం. చదువుకునే రోజుల్లో టేపు రికార్డరు భుజాన వేసుకుని తిరిగి ఎన్ని చోట్ల రికార్డు చేశానో మీకు తెలియదు."

"జనం అంటే ఎవరండీ?" లెక్కలావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దుప్పట్లు మడిచింది గాలా? సాయంత్రానికి వేళ్ళు విప్పుకోలేక మా చేత నొక్కించుకున్నది జనమా? ఆవిడకి పేరుంది. మీ పేరు మొదట్లో ఒకసారి, చివర్లో రెండుసార్లు వేసుకున్నారు. కుర్చీలు సర్దినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఆవిడ పేరు వేయడానికి మాత్రం గాలి అడ్డొచ్చిందా?"

"పేరు నాకు తెలిస్తే కదా వేసేది! ఇరవై రెండేళ్ళయింది. కావాలంటే వినండి, నేనేం దాచలేదు." స్వరకర్త సంచీలోంచి పాత క్యాసెట్ తీశాడు. దాన్ని అతను ఎక్కడికి వెళ్ళినా వెంట పెట్టుకు తిరుగుతాడని తరువాత తెలిసింది. దొంగ సొత్తును అంత ప్రేమగా మోసే మనిషిని లెక్కలావిడ అంతకు ముందు చూడలేదు.

బల్ల చివర ఉన్న పాత ప్లేయర్‌లో క్యాసెట్ పెట్టి నొక్కాడు.

ముందు ఆవిరి బుసబుసలు. ఇనప చక్రాల బండి ఏదో దొర్లుకుంటూ పోయింది. యంత్రం హోరు వెనక నుంచి, నీళ్ళలోంచి వినబడినట్టు, ఆడవాళ్ళ లెక్క. నాలుగు, ఐదు, ఆరు, ఊఁ, ఎనిమిది. లెక్కలావిడ ప్లేయర్ దగ్గరికి వంగింది. అమ్మకు మాట పడిపోయి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో అమ్మ మాట ఎలా ఉండేదో తలచుకుందామన్నా సరిగ్గా జ్ఞాపకం రావడం మానేసింది. ఆ సంగతి చెల్లెలితో కూడా అనలేదు, సిగ్గేసి.

టేపులో కుర్ర గొంతొకటి అడిగింది. "ఏడు ఎందుకు అనరండీ?"

ఒక నవ్వు వినబడింది. గలగలమని, మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకునే నవ్వు. అది అమ్మదే, లక్ష నవ్వుల్లో కలిపినా గుర్తు పట్టగలదు. తరువాత కాస్త బొంగురుగా, యంత్రాల మీదుగా అరిచి చెప్పే అలవాటున్న మాట. "నోట్లో దుప్పటి కొస పెట్టుకుని ఏడు ఎలా అంటాను నాయనా? అనమంటే అంటా. దుప్పటి కింద పడుతుంది. నువ్వు ఉతుకుతావా?" మళ్ళీ నవ్వు. టేపు ఆగింది.

లెక్కలావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కిందికి దిగక ముందే ఇంకో సంగతి బుర్రకెక్కి ఆ నీళ్ళు ఎక్కడివక్కడ ఆవిరైపోయాయి.

"అయితే మీకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"ఏడు ఎందుకు లేదో తెలుసు. మీరే అడిగారు, ఆవిడ చెప్పింది. నోట్లో కొస ఉందని చెప్పింది. దొంతర తిప్పడానికి రెండు చేతులూ కావాలి కాబట్టే ఆ కొస నోట్లోకి వెళ్ళింది. నవ్వుతూ చెప్పింది. మరి ఆ చచ్చిపోయిన బిడ్డ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

స్వరకర్త విసుక్కున్నాడు. లోకంలో ఇంతకంటే తేలికైన ప్రశ్న లేనట్టు చేతులు విదిల్చాడు. "అమ్మా, మీరు లెక్కలు పెట్టేవారు, మీకు చెప్పినా బోధపడదు. దుప్పటి కొస కోసం ఎవరు ఏడుస్తారు? గంటసేపు టీవీ ముందు కూర్చున్న మనిషికి చివర్లో నోట్లో గుడ్డ చూపిస్తానా? లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళ మామూలు నవ్వులు ఎవరికి కావాలి? బిడ్డ చావాలి. బిడ్డ చస్తేనే అది కళ. ఆ నవ్వుని నేను ఏడుపు చేశాను, దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళాను. నిజానికి మీరు నాకు దణ్ణం పెట్టాలి."

దొంగతనం చేసినవాడు దొరికిపోతే తల దించుకుంటాడు. ఈయన దణ్ణం అడిగాడు. లెక్కలావిడ కుర్చీలోంచి లేచింది. ఎప్పుడూ అంకెలకే వాడే గొంతు ఒక్కసారిగా గది నిండిపోయింది.

"మా అమ్మ బతికే ఉందండీ! మాట లేదు గానీ చెవులు శుభ్రంగా ఉన్నాయి. ఆరింటికి మా చెల్లెలు ఆవిణ్ణి టీవీ ముందు కూర్చోబెడుతుంది, అక్క లెక్కపెట్టే కార్యక్రమం వస్తుందని. ఆవిడ పాటలో ఆవిడ కనని బిడ్డని చంపి, ఆ శవాన్ని ఆవిడకే చూపిస్తారా? కాదని చెప్పడానికి కూడా ఆవిడకి నోరు లేదు కదండీ! ఆవిడ నవ్వింది. ఆ వేడిలో, ఆ రొచ్చులో, పొద్దున్నుంచి నిలబడి నవ్వింది. ఆ ఒక్క నవ్వూ ఆవిడ సొంతం. అది కూడా మీకే కావాల్సి వచ్చిందా?"

స్వరకర్త జవాబు చెప్పబోయాడు. చెప్పే వీలు లేకపోయింది. తలుపు గోడకు కొట్టుకుని తెరుచుకుంది.

గుమ్మంలో మఫ్లరమ్మ నిలబడి ఉంది. ఒపెరాలో తల్లి పాత్ర పాడేది ఈవిడే. గొంతుకు గాలి తగలకూడదని ఎండలో కూడా మఫ్లరు చుట్టుకుని తిరుగుతుంది, ఐసు ముక్క పేరెత్తితే తుమ్ముతుంది. ఆ మఫ్లరు ఇప్పుడు ఒక భుజం మీద వేలాడుతోంది. మొహం కందిపోయింది.

"అంతా విన్నాను," అంది స్వరకర్తతో.

"ఎలా విన్నావు? నీ గది అవతల ఉంది కదా!"

మఫ్లరమ్మ లెక్కలావిడ బల్ల మీదికి వేలు చూపించింది. మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకోవాల్సిన మైకు బటన్ అది. దాని స్ప్రింగు బిగుసుకుపోయి చాలా కాలమైంది. గంటసేపు నొక్కి పట్టుకోలేక లెక్కలావిడ దాని సందులో మడిచిన కాగితం ముక్క దోపుతుంది, పని అయిపోగానే తీసేస్తుంది. పదిహేడేళ్ళలో ఈ ఒక్క రోజు తీయడం మరిచిపోయింది. స్వరకర్త ఆత్మ, గాలి, జనం, టేపు, బిడ్డ చావాలన్న మాట, అన్నీ నాలుగు గదుల్లోనూ పై అంతస్తులోనూ ప్రతి చెవికీ పూస గుచ్చినట్టు చేరిపోయాయి.

"నెల రోజులు," అంది మఫ్లరమ్మ. "నెల రోజులు నన్ను గదిలో కూర్చోబెట్టి ఏం చెప్పారు మీరు? ఇది నిజంగా జరిగింది, ఆ తల్లిని కళ్ళారా చూశాను, ఆ ఏడుపు చెవులారా విన్నాను అన్నారు. ఏడుపు రావడం లేదంటే, నీ కొడుకే పోయాడనుకో అన్నారు. అనుకున్నానండీ! రోజూ అనుకున్నాను. ఇంటికెళ్ళి వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వాడు జ్వరమని పడుకుంటే నా పాట వల్లేనేమోనని ఆ పూట అన్నం ముట్టలేదు. దుప్పటి కోసమా నేను ఇదంతా పడింది?"

"అది శిక్షణ. నటనకు అవసరం."

"నేను ఏడవను."

"స్వరంలో ఉంది!"

"ఉంటే మీరు ఏడవండి."

అప్పటికి దర్శకురాలు వచ్చి మఫ్లరమ్మ వెనక నిలబడి ఉంది. పొట్టి మనిషి. లోకంలో ఉన్న సమస్యలన్నిటికీ ఆమె దగ్గర ఒకటే ప్రశ్న ఉంటుంది. "ఇప్పుడు ఏం చేద్దాం?" ఆమె కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకునే లైటు చూడ్డానికి వెళ్ళింది. కాబట్టి ఎవరూ ఆమెకు కథ చెప్పాల్సిన పని లేకపోయింది.

"అక్కా, ఇప్పుడు ఏం చేద్దాం?" అంది లెక్కలావిడతో.

"అమ్మ పేరు తెర మీద పడాలి. లేకపోతే నేను ఈ కుర్చీలో కూర్చోను. కెమెరాలకి మాస్టారి ఆత్మనే లెక్కపెట్టమను."

"ఆ పేరు పడితే నేను బయటికి నడుస్తాను!" స్వరకర్త అరిచాడు. "ఇది నా సృష్టి!"

దర్శకురాలు అతని వైపు చూసింది, గడియారం వైపు చూసింది. "మాస్టారూ, మీరు వెళ్ళిపోతే ప్రసారం ఆగదు. ఈవిడ వెళ్ళిపోతే ఆగుతుంది. నేనేం చేయాలో మీరే చెప్పండి." ఆమె జేబులోంచి పెన్ను తీసింది. "పేరు చెప్పక్కా. ఇంటిపేరుతో సహా."

లెక్కలావిడ చెప్పింది. ఆస్పత్రి హాజరు పుస్తకంలో తప్ప బయటి మనిషెవరూ ఆ పేరును కాగితం మీద రాయడం ఆమె చూడలేదు.

స్వరకర్త బయటికి నడవలేదు. అలిగి సోఫా మూలకు జరిగి కూర్చున్నాడు. తన ఒపెరా తాను చూసుకోకుండా వెళ్ళగలిగే మనిషి కాదతను.

సరిగ్గా ఆరింటికి ఎర్ర దీపం వెలిగింది. "నాలుగు, మూడు, రెండు, ఒకటి, మార్చు," అంది లెక్కలావిడ. మౌనగర్భం మొదలైంది.

మొదటి యాభై నిమిషాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తండ్రి పాత్రధారి ఒక గదిలో కిటికీ వైపు చూసి పాడాడు. వైద్యుడు ఇంకో గదిలో చేతులు కడుక్కుంటూ పాడాడు. మృత్యువు పాత్రధారికి తెల్ల కోటు బిగుతై భుజం దగ్గర పిగిలింది, కెమెరా తప్పించి పట్టుకుంది. ఎక్కడా ఒక్క తాళం జారలేదు. లెక్కలావిడ పెన్సిల్ కాగితాల మీద జారుతూ పోతోంది గానీ కళ్ళు మాటిమాటికీ మఫ్లరమ్మ గది తెర వైపే పోతున్నాయి. పేరైతే పడుతుంది. ఏడు దగ్గర ఏమవుతుంది? మఫ్లరమ్మ ఏడవనని కోపంలో అంది. కోట్ల మంది చూస్తుండగా, ఎదురుగా కెమెరా, చెవిలో వాద్యాలు, నెల రోజుల అలవాటు. అప్పుడు ఎవరి నోరు ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ఏడిస్తే అక్కడ ఇంట్లో అమ్మ వింటుంది.

చివరి పాట వచ్చింది. మఫ్లరమ్మ గదిలో ఒక ఇనప మంచం, దాని మీద తెల్ల దుప్పట్లు. స్వరకర్త లెక్క ప్రకారం అవి చావుకు గుర్తు. మఫ్లరమ్మ వాటిలో ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఒకటి," అని పాడింది. మడిచి పెట్టింది. "రెండు." ఇంకోటి తీసుకుంది. రిహార్సల్‌లో ఆమె మడవలేదు, గుండెలకు హత్తుకుంది. ఇప్పుడు నిజంగా మడుస్తోంది. కొసకు కొస కలిపి, అరచేత్తో నిమిరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. దుప్పటి వంటిమీద కంటే చేతిలో బరువని తెలిసిన మనిషిలా కాస్త ఒగరుస్తోంది. సోఫాలో స్వరకర్త ముందుకు వంగాడు. "ఏం చేస్తోందీవిడ?"

ఐదు. ఆరు.

మఫ్లరమ్మ ఏడో దుప్పటి కొసను పళ్ళ మధ్య పెట్టుకుంది. రెండు చేతులతో దొంతరను ఎత్తి అటు తిప్పింది. "ఊఁ," అంది.

స్వరాల కాగితంలో అక్కడ డప్పులున్నాయి, పన్నెండు వయొలిన్లున్నాయి. పై అంతస్తులో ఒక్క కమాను కదల్లేదు. వాళ్ళూ మధ్యాహ్నం విన్నవాళ్ళే. ఆ ఒక్క తాళం సేపు ఎక్కడా ఏ చప్పుడూ లేదు. మఫ్లరమ్మ ముక్కుతో పలికిన ఆ చిన్న "ఊఁ" ఒక్కటే ఉంది. దాని చివర, గుడ్డ నోట్లో ఉన్న మనిషికి వచ్చే తప్పించుకోలేని నవ్వు కాస్త అంటుకుని ఉంది.

"ఆపండి!" స్వరకర్త లేచి నిలబడ్డాడు. "నా ఒపెరాని గంగలో కలిపేశారు! ఆపండి!"

ఎవరూ అటు తిరగలేదు. తరువాతి కెమెరా మారాలంటే లెక్కలావిడ అంకె చెప్పాలి. పదిహేడేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆమెకు అంకె నోటికి రాలేదు. అమ్మ ఇప్పుడు చూస్తోంది. అమ్మ నవ్వును అమ్మ చూస్తోంది. చెంపల మీదికి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండానే మైకు దగ్గరికి వంగింది. "ఎనిమిది," అంది. "మార్చు."

కెమెరాలు కదిలాయి. వయొలిన్లు అందుకున్నాయి. పన్నెండు దగ్గర మఫ్లరమ్మ కట్ట కట్టేసి మంచం మీద కూర్చుంది. తెర నల్లబడింది. పేర్లు మొదలయ్యాయి. అన్నిటికంటే ముందు, ఒంటరిగా, తెర మధ్యలో: లెక్క పాట. దాని కింద అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద, ఆస్పత్రి లాండ్రీ.

దర్శకురాలు వెనక నుంచి వచ్చి లెక్కలావిడ భుజం పట్టుకుంది. స్వరకర్త క్యాసెట్ సంచీలో పెట్టుకుని, తలుపును దాని శక్తికి మించి గట్టిగా వేసి వెళ్ళిపోయాడు. బటన్ సందులోంచి కాగితం ముక్క తీస్తుంటే లెక్కలావిడకు ఒళ్ళంతా తేలికైంది. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నట్టు కూడా తెలియని బరువేదో దిగినట్టుంది.

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. చెల్లెలే అయి ఉంటుందనుకుంది. అమ్మ ఏం చేసిందో చెప్పడానికి ఆగలేక చేసి ఉంటుంది. గబుక్కున ఎత్తింది.

"రిసెప్షన్ నుంచండీ. ఎవరో ఆవిడ, లెక్క పాట గురించట. ఇప్పటికే మూడుసార్లు చేశారు. ఇస్తున్నాను."

"హలో," అంది లెక్కలావిడ.

"ఇప్పుడు టీవీలో చివర ఒక పేరు వేశారే," అంది అవతలి గొంతు. వయసు మళ్ళిన గొంతు, బొంగురు, గట్టి మాట. "ఆవిడ నీకేమవుతుంది?"

"మా అమ్మండీ." ఈ మాట అనేటప్పుడు ఆమె నిటారుగా కూర్చుంది.

"పెద్దదానివా, చిన్నదానివా?"

"పెద్దదాన్ని."

"అయితే నువ్వే. బడి వదలగానే వచ్చి లాండ్రీ గేటు దగ్గర నిలబడేదానివి. సరే. దుప్పటికి ఎన్ని కొసలుంటాయమ్మా?"

"నాలుగు."

"మీ అమ్మకి ఎన్ని చేతులు?"

లెక్కలావిడ రిసీవరు చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"అటు రెండు చేతులు, ఇటు రెండు చేతులు," అంది ఆ గొంతు. అందులో కోపం ఉంది. ఇవాళ పుట్టిన కోపం కాదది. "ఇటు నిలబడింది నేను. పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాను. ఆ పాట కట్టింది నేను, లెక్కపెట్టింది నేను. ఏడు దగ్గర పళ్ళ మధ్య కొస పెట్టుకున్నది కూడా నేనే. మీ అమ్మ ఎదురుగా నిలబడి నా మొహం చూసి నవ్వేది. అంతే. అదొక్కటే ఆవిడది. మైకు పట్టుకుని ఎవడో కుర్రాడు వస్తే జవాబు చెప్పింది కూడా నేనే."

బొంగురు గొంతు. యంత్రాల మీదుగా అరిచి చెప్పే అలవాటున్న మాట. మధ్యాహ్నం టేపులో విన్నది ఈ గొంతే. నవ్వు అమ్మది, మాట ఈవిడది. నాలుగు గదుల్లో నలుగురు ఒకేసారి పాడుతుంటే ఎవరి ఊపిరి ఎక్కడ అందలేదో విడదీసి చెప్పే మనిషి, ఒక టేపులో ఇద్దరు ఆడవాళ్ళుంటే ఒక్కరినే విన్నది. పేరు లేకుండా చేశారని మధ్యాహ్నం ఇంతెత్తున లేచింది. సాయంత్రం అయ్యేసరికి తనే ఆ పని చేసి, కోట్ల మందికి చూపించింది.

"మా అమ్మ ఎప్పుడూ మీ సంగతి చెప్పలేదండీ," అంది, వినబడీ వినబడకుండా.

"చెప్పదు. ఎందుకు చెప్పదో నాకు తెలుసు, ఆవిడకి తెలుసు. ఇప్పుడు ఆవిడకి మాట పోయింది. నాకు పోలేదు."

"మీ పేరు చెప్పండమ్మా. తప్పు నాదే. నేను సరిదిద్దుతాను. మీ పేరు..."

"ఫోన్లో చెప్పను. రేపు పొద్దున మీ ఇంటికొచ్చి, మీ అమ్మ ఎదురుగా నిలబడి చెబుతాను. నేను చెప్పేటప్పుడు నువ్వు నన్ను చూడకు, మీ అమ్మ మొహం చూడు."

ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. లెక్కలావిడ రిసీవరు పెట్టబోతూ ఆగిపోయింది. అమ్మకు మాట పోయిందని ఆవిడకు తను చెప్పలేదు. వాళ్ళు ఇల్లు మారి రెండేళ్ళే అయింది. ఆ ఇల్లు ఎక్కడని ఆవిడ అడగలేదు.